విద్యుత్తుతో నడిచే డెలివరీ వ్యాన్‌లో డిజిటల్ మీటర్ బోర్డు మార్చే ముందు జాగ్రత్తలు

పాత బోర్డు ఇంకా వెలుగుతుండగానే ఓడోమీటర్ అంకెను, హెచ్చరిక దీపాలను ఫోటో తీసి, వాహనానికి తగిలించి లోపాలను చదివే స్కానర్‌లో కనబడే కోడ్‌లను రాసి పెట్టుకోవాలి. లోపం ఒక్కోసారి ఫ్యూజులోనో, వదులైన కనెక్టర్‌లోనో ఉంటుంది కనుక వాటిని చూడకుండా బోర్డు కొనడం తొందరపాటే.

కనెక్టర్ ఒకేలా ఉన్నంత మాత్రాన కొత్త బోర్డు సరిపోతుందని అనుకోకూడదు. పార్ట్ నంబరు కలవాలి, పైగా చాలా వాహనాల్లో గుర్తింపు సంఖ్యను, తిరిగిన కిలోమీటర్లను సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించాల్సి ఉంటుంది, కొన్నింటిలో తాళంచెవిని గుర్తించే వ్యవస్థ కూడా ఈ బోర్డుతోనే ముడిపడి ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ చేతిలో లేనప్పుడు పని మొదలుపెట్టకపోవడమే మేలు.

ఛార్జింగ్ గన్ తగిలించి ఉంటే 12 వోల్టుల లైనుకు కరెంటు అందుతూనే ఉండవచ్చు కాబట్టి ముందు దాన్ని తీసి, పార్కింగ్ బ్రేకు వేసి, వాహనాన్ని పూర్తిగా ఆపిన తరువాతే 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పాలి. పక్కనే స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, తీగ విప్పాక కూడా దానిలో కొంతసేపు కరెంటు నిలిచి ఉండవచ్చు, అందువల్ల సర్వీస్ మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. అధిక వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకూడదు.

స్థిర విద్యుత్తును తొలగించే పట్టీని మణికట్టుకు కట్టుకుని, లోహపు స్క్రూడ్రైవర్‌కు బదులు ప్లాస్టిక్ పనిముట్టుతో అంచును లేపాలి. కనెక్టర్‌ను తీగలు పట్టి లాగకుండా, లాక్ నొక్కి, మెల్లగా ఊడదీయాలి.