పసుపు ఫోటో కాషాయంగా వస్తోందా? ఫోటో ఇంక్‌జెట్ ప్రింటర్: సమస్య - పరిష్కారం

ఎప్సన్ పీ900 కానివ్వండి, క్యానన్ ప్రో-1000 కానివ్వండి, ప్రింట్ బాగా రాలేదంటే ముందు నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే ప్రతి రంధ్రం పనిచేస్తోందో చూపే గీతల ప్యాటర్న్) తీయండి. దానికి అయ్యేది ఒక మామూలు ఏ4 కాగితం, ఒకట్రెండు నిమిషాలు. ఇది మానేసి ప్రొఫైళ్లు (ఆ పేపర్‌కీ ఇంకుకీ రంగులు ఎలా మార్చాలో చెప్పే ఫైళ్లు) మార్చేవాళ్లు, క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టేవాళ్లు, చివరికి ప్రింటర్ని ఆటోలో వేసుకుని సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపుల సముదాయానికి) బయల్దేరేవాళ్లే ఎక్కువ. పీ900లో పది ఇంకులు, ప్రో-1000లో క్రోమా ఆప్టిమైజర్ (మెరుపు సమం చేసే రంగులేని ద్రవం)తో కలిపి పన్నెండు. వాటిలో లైట్ గ్రే ఒక్కటి తెగినా నీడలు, చర్మం రంగు పాడవుతాయి. ఫోటో చూసి అది కనిపెట్టడం కష్టం, ప్యాటర్న్‌లో ఇట్టే దొరికిపోతుంది.

పసుపు గీతలు తెల్ల కాగితం మీద సరిగ్గా కనపడవు. గదిలో లైటు ఆపి, ఫోన్ స్క్రీన్ నిండా ముదురు నీలం రంగు పెట్టి ఆ వెలుగులో చూడండి. పసుపు నల్లగా తేలుతుంది, తెగిన చోటు తెలిసిపోతుంది.

ప్రింట్‌లో సన్నటి చారలు

ప్యాటర్న్ తెగి ఉంటే మామూలు క్లీనింగ్ ఒకసారి, మళ్లీ నాజిల్ చెక్. ఇలా మూడుసార్లు చేసినా రాకపోతే ఆపేయండి. ప్రింటర్ ఆఫ్ చేసి రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ చెక్ తీయండి. లోపల చేరిన గాలి బుడగలు సర్దుకోవడానికి, ఎండిన ఇంకు నానడానికి టైమ్ కావాలి. ఆగకుండా క్లీనింగ్ కొడితే ఇంకంతా మెయింటెనెన్స్ బాక్స్ (వృథా ఇంకు చేరే డబ్బా)లోకి పోతుంది, అంతే. పవర్ క్లీనింగ్ (ఎక్కువ ఇంకు లాగేసే గట్టి క్లీనింగ్) ఆఖరి అస్త్రం.

ప్యాటర్న్ శుభ్రంగా ఉన్నా చారలు వస్తుంటే హెడ్ అలైన్‌మెంట్ (ఇంకు చిమ్మే హెడ్ వరసని సరిచేసే పని) చేయండి, డ్రైవర్లో (కంప్యూటర్లో ప్రింటర్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో) హై స్పీడ్ తీసేయండి. సాధారణంగా అక్కడితో పోతుంది.

నాజిళ్లు మాటిమాటికీ పూడుకుపోతున్నాయంటే స్విచ్‌బోర్డు వైపు చూడండి. రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెయిన్ స్విచ్ దించేస్తే ప్రింటింగ్ మధ్యలోనో, క్లీనింగ్ మధ్యలోనో ఉన్న హెడ్ తన మూత మీదకి వెళ్లదు, గాలికి బయటే ఉండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి ఎంత పొడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు, తెల్లారేసరికి ఎండిపోతుంది. ప్రింటర్ మీదున్న పవర్ బటన్ నొక్కి, లైటు పూర్తిగా ఆరాకే బోర్డు స్విచ్ ఆపండి. కరెంట్ పోయే ఏరియా అయితే యూపీఎస్ పెట్టండి. ఆర్డర్లు లేని మూఢం రోజుల్లో కూడా వారానికొకసారి అన్ని రంగులూ ఉన్న చిన్న ప్రింట్ ఒకటి తీయండి.

స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్‌లో ముఖాలు ఎర్రగా, గ్రే గులాబీగా

నాజిల్ చెక్ శుభ్రంగా ఉండి కూడా ఇలా వస్తోందంటే మొదట అనుమానించాల్సింది ఒకటే: రంగుల మార్పిడి రెండుసార్లు జరుగుతోంది.

ఫోటోషాప్‌లో కలర్ హ్యాండ్లింగ్ దగ్గర "ఫోటోషాప్ మేనేజెస్ కలర్స్" పెట్టి పేపర్ ప్రొఫైల్ ఎంచుకున్నారనుకోండి. ఆ పేపర్‌కీ ఆ ఇంకులకీ తగ్గట్టు ఫోటోషాపే అంకెలు మార్చి పంపుతుంది. మీ ఫైల్లో గ్రే అంటే ఆర్, జీ, బీ మూడూ సమానం. మార్చాక సమానంగా ఉండవు, ఉండనక్కర్లేదు కూడా, ఎందుకంటే ఇంకుల వంకర, పేపర్ ఛాయ అందులోనే సర్దుబాటు అయిపోయాయి. ఇలా వచ్చిన అంకెల్ని డ్రైవర్ మామూలు ఎస్‌ఆర్‌జీబీ (సాధారణ ఫోటోలకి వాడే రంగుల లెక్క) ఫోటో అనుకుని తన లెక్కలో ఇంకోసారి మారుస్తుంది. ఆ రెండో మార్పే మీకు కనపడే గులాబీ.

పెళ్లి ఆల్బమ్‌లో దీన్ని పట్టిచ్చేది మంగళస్నానం ఫోటో. పసుపు పూసిన చేతులు, పసుపు బట్టలు, పక్కనే చర్మం: అన్నీ పసుపు, నారింజ మధ్య ఉండే రంగులే, కాస్త ఎరుపు తోడైనా కాషాయంలోకి జారిపోతాయి. అదే ఫోటోలో జడలోని మల్లెపూలు మాత్రం తెల్లగానే ఉంటాయి, అక్కడ ఇంకు దాదాపు పడదు కాబట్టి. తెలుపు సరిగ్గానే ఉంది కదా, స్కిన్ టోన్ ఎడిటింగ్‌లోనే తప్పు జరిగిందేమో అనుకుని ఫైల్లో ఎరుపు తగ్గించేస్తారు. అక్కణ్నుంచి ప్రతి ఫోటోకీ ఒక కొత్త కరెక్షన్. ఇక ఆ ఆల్బమ్ తెమలదు.

మార్చేది ఒక్కరే ఉండాలి. ఫోటోషాప్ మారుస్తుంటే డ్రైవర్లో కలర్ కరెక్షన్ ఆఫ్. ఎప్సన్ డ్రైవర్లో ఇది వెర్షన్‌ని బట్టి "నో కలర్ అడ్జస్ట్‌మెంట్" అనో "నో కలర్ మేనేజ్‌మెంట్" అనో ఉంటుంది. క్యానన్‌లో మెయిన్ ట్యాబ్, కలర్ ఇంటెన్సిటీ మాన్యువల్, సెట్ బటన్, మ్యాచింగ్ ట్యాబ్, అందులో కలర్ కరెక్షన్ "నన్". లైట్‌రూమ్‌లో ప్రింట్ జాబ్ కింద ప్రొఫైల్ ఎంచుకుంటే ఫోటోషాప్ లెక్కే. "మేనేజ్డ్ బై ప్రింటర్" పెడితేనే డ్రైవర్లో కరెక్షన్ ఆన్ ఉండాలి.

ఇంతవరకు చాలామందికి తెలుసు. దెబ్బతీసేది దీని తర్వాతిది. బుద్ధిగా ఆఫ్ పెట్టుకున్న మనిషికే కొన్నాళ్లకి మళ్లీ గులాబీ ప్రింట్ వస్తుంది. "నేను ఆఫ్ పెట్టాను" అని ఒట్టేసి చెబుతాడు, అదీ అబద్ధం కాదు. ఆఫ్ పెట్టింది ఒక ప్రింటర్‌కి, ప్రింట్ వెళ్తోంది ఇంకో ప్రింటర్‌కి. బల్ల మీద ఉన్న మెషిన్ ఒకటే, కంప్యూటర్ లెక్కలో మాత్రం రెండు.

ఎలాగంటే, ప్రింటర్ని చివరిసారి పెట్టిన పోర్టులో కాకుండా పక్క యూఎస్‌బీ పోర్టులో పెడితే విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని అదే పేరు పక్కన "కాపీ 1" అని ఇంకోటి పెట్టుకోవచ్చు. దాని సెట్టింగులన్నీ ఫ్యాక్టరీవి, అంటే కలర్ కరెక్షన్ ఆన్. వైఫై మీద విండోస్ తనంతట తాను జోడించుకుంటే ఇంకా ఘోరం: కంపెనీ డ్రైవర్ బదులు "మైక్రోసాఫ్ట్ ఐపీపీ క్లాస్ డ్రైవర్" (విండోస్‌తోనే వచ్చే సాధారణ డ్రైవర్) ఎక్కేస్తుంది, అందులో మీకు కావలసిన ఆఫ్ బటనే ఉండదు. మ్యాక్‌లో ఇదే వేషం యాపిల్ సాధారణ డ్రైవర్ ఎయిర్‌ప్రింట్‌ది. పైగా విండోస్‌లో "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" ఆన్ ఉంటే చివరిసారి వాడిందే డిఫాల్ట్ అవుతుంది కాబట్టి, పొరపాటున ఒక్కసారి తప్పుడు దానికి కొట్టినా అదే పాతుకుపోతుంది.

పట్టుకోవడం తేలికే. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, డ్రైవర్ అన్న చోట ఏముందో చదవండి. ఎప్సన్, క్యానన్ పేరు కాకుండా ఐపీపీ క్లాస్ అని ఉంటే దొంగ దొరికినట్టే. మ్యాక్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో ప్రింటర్ మీద నొక్కి "కైండ్" చూడండి. పేరు చివర ఎయిర్‌ప్రింట్ అని ఉండకూడదు. మీ లస్టర్ పేపర్ పేరు మీడియా టైప్ లిస్టులో లేకపోయినా అనుమానించాల్సిందే.

ఇక బాగుచేయడం. ఆ ప్రింటర్ పేరున ఉన్నవన్నీ తీసేయండి, కాపీలతో సహా. కంపెనీ సైట్ నుంచి పూర్తి డ్రైవర్ దించి, దాని ఇన్‌స్టాలర్‌తోనే జోడించండి. విండోస్‌లో డిఫాల్ట్ ప్రింటర్ని విండోస్‌కి వదలకుండా మీరే పెట్టుకోండి. తర్వాత ఫోటోషాప్ లోపల కాదు, విండోస్ సెట్టింగుల్లోంచి ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిచి మీడియా టైప్, క్వాలిటీ, కలర్ ఆఫ్ మూడూ పెట్టండి. అక్కడ పెట్టింది అన్ని సాఫ్ట్‌వేర్లకీ మూల సెట్టింగ్ అవుతుంది. చివరగా ప్రింటర్ పేరు మార్చి "పీ900 కలర్ ఆఫ్" అని పెట్టుకోండి, షాపులో పనిచేసే కుర్రాడికి కూడా కనపడుతుంది. యూఎస్‌బీ వైరు ఏ పోర్టులో ఉందో అక్కడ చిన్న స్టిక్కర్ అంటించండి.

ఇంకో మెలిక ఉంది. ఫోటోషాప్ ప్రింట్ సెట్టింగుల్ని ఫైల్‌తో పాటే దాచుకుంటుంది. తప్పుడు సెట్టింగ్‌తో సేవ్ చేసిన పాత పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) తెరిచి కొడితే ఇప్పుడు మీరు సరిచేసిందంతా పక్కకి పోయి పాతదే రావచ్చు. పాత ఆల్బమ్ రీప్రింట్ వచ్చినప్పుడు ప్రింట్ డైలాగ్ మళ్లీ చూడకుండా బటన్ నొక్కకండి.

సరైందో కాదో తేల్చడానికి ఒక ఏ4 షీటులో తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగా గ్రే, పక్కన ఒక ముఖం, ఒక పసుపు బట్ట పెట్టి రెండు ప్రింట్లు తీయండి. మొదటిది ఫోటోషాప్ ప్రొఫైల్, డ్రైవర్ ఆఫ్. రెండోది "ప్రింటర్ మేనేజెస్ కలర్స్", డ్రైవర్ ఆన్. ఆరాక పక్కపక్కన పెట్టి, వీలైతే పగటి వెలుగులో చూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మీ దారి బాగుంది. రెండోది బాగుండి మొదటిది గులాబీగా ఉంటే ఆ ఆఫ్ ఇంకా పడలేదు. మళ్లీ డ్రైవర్ పేరు చదవండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ప్రింట్ మాత్రం డార్క్

తప్పు మానిటర్‌ది. బ్రైట్‌నెస్ నిండుగా పెట్టి ఎడిట్ చేస్తే ప్రింట్ చీకటిగానే కనపడుతుంది. చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల (తెర వెలుగు కొలత) మధ్యకి దించండి.

అంచుల్లో నల్ల గీతలు, రుద్దుకున్న మరకలు

పేపర్ వంగి హెడ్‌కి తగులుతోంది. పేపర్‌కి 40 నుంచి 60 శాతం తేమ నప్పుతుంది. వేసవిలో నీళ్ల కూలర్ ఎదురుగా ప్రింటర్ పెట్టిన గదుల్లో ఇది మామూలే. కూలర్ గాలి తగిలిన వైపు పేపర్ తేమ పీల్చి అలలు తిరుగుతుంది. కవర్లోంచి కావలసినన్ని షీట్లే తీసి మిగతావి జిప్ కవర్లో మూసేయండి. వంగిన షీటుని పెట్టేముందు వెనక్కి మెల్లగా వంచి సరిచేయండి. మందం పేపరైతే డ్రైవర్లో ప్లాటెన్ గ్యాప్ (హెడ్‌కీ పేపర్‌కీ మధ్య ఖాళీ) ఒక మెట్టు పెంచండి.

ఇంకు ఆరడం లేదు, వేలికి అంటుతోంది

గ్లాసీ పేపర్‌కి మ్యాట్ మీడియా టైప్ పెట్టారు, మ్యాట్ బ్లాక్ (మెరుపులేని పేపర్‌కి వాడే నల్ల ఇంకు) పడింది. లేదా పేపర్ తిరగేసి పెట్టారు. మూల మీద తడి వేలు ఆనించండి, జిగురుగా పట్టుకునేదే ప్రింట్ చేసే వైపు.

బయటి ఇంకు పోస్తే కంపెనీ ప్రొఫైల్ పనికిరాదు, అంతకుమించి చెప్పేదేమీ లేదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన ఫైల్ కుదించుకుపోయి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. హెడ్ నిజంగా పోవడం అరుదు. ఒక రంగు మొత్తం మాయమై, ఇంకు ఉండి, రాత్రంతా ఆగినా రాకపోతేనే అనుకోవాలి. ప్రో-1000లో హెడ్ మనమే మార్చుకోవచ్చు, పీ900లో అది సర్వీస్ ఇంజినీర్ పని.