హంప్టా పాస్ ట్రెక్: ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలి, ఎన్నింటికి బయల్దేరాలి

హిమాచల్‌లో కులు లోయ నుంచి లాహుల్‌లోకి దాటించే హంప్టా పాస్ ఎత్తు దాదాపు 4,270 మీటర్లు. హిమాలయాలకి మొదటిసారి వెళ్లేవాళ్లకి చాలామంది దీన్నే చెబుతారు. పాస్ దాటే రోజు తప్పిస్తే నడక రోజుకి ఐదారు గంటలకి మించదు. టెంట్లూ వంటసామానూ కంచర గాడిదలు మోస్తాయి, క్యాంపుకి చేరేసరికి టీ రెడీగా ఉంటుంది. అందుకే దీనికి ఈజీ ట్రెక్ అని పేరొచ్చింది. కాళ్ల వరకు ఆ మాట నిజమే, ఊపిరి సంగతి వేరు. పాస్ మీద గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు అరవై శాతమే. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకైనా అంతే దొరుకుతుంది.

రాత్రుల లెక్క

ట్రెక్ బుక్ చేసేముందు ఎన్ని కిలోమీటర్లు నడవాలని కాదు, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలని అడగండి. మామూలు ప్లాన్ ఇలా ఉంటుంది: మనాలీ 2,050 మీటర్లు, చికా 3,100, బాలూ కా ఘేరా 3,600, పాస్ దాటాక షియాగోరు 3,900, ఆ తర్వాత ఛత్రు 3,300. ఇవన్నీ ఉజ్జాయింపు అంకెలు, టెంట్ వేసిన చోటుని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకి మించి పెంచకూడదన్నది కొండల్లో అందరూ పాటించే లెక్క. చికా నుంచి షియాగోరు దాకా ఆ లెక్క సరిపోతుంది. తేడా వచ్చేది మొదటి రోజే. ఢిల్లీలో రాత్రి బస్సెక్కి, నిద్ర లేకుండా పొద్దున్నే మనాలీలో దిగి, అదే రోజు జీపులో నడక మొదలయ్యే జోబ్రా చేరి చికాకి నడిస్తే ఒక్క రోజులో వెయ్యి మీటర్లు పైకి వెళ్లినట్టే. బాలూ కా ఘేరాలో తలపట్టుకుని కూర్చునేవాళ్లలో ఇలా వచ్చినవాళ్లే ఎక్కువ. మనాలీలో రెండు రాత్రులు ఉండండి. ఇంకా మంచి పద్ధతి, జోబ్రా దారిలోనే ఉన్న సేథన్‌లో ఒక రాత్రి ఆగడం. ఆ ఊరు సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

ట్రెక్ చివర్లో చూసే చంద్రతాల్ సరస్సు విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఛత్రు నుంచి జీపులో వెళ్తారు కాబట్టి కష్టం తెలియదు, కానీ అక్కడి క్యాంపులు 4,200 మీటర్లకి అటూ ఇటూ ఉంటాయి. షియాగోరులో తలనొప్పి వచ్చినవాళ్లు సరస్సు పగలే చూసి ఛత్రుకి వచ్చి పడుకోవడం మేలు. రోడ్డు బాగుంటే అది ఒక్కరోజు పనే.

తలనొప్పిని ఎలా చూడాలి

తలనొప్పితో పాటు వికారం, తల తిరగడం, విపరీతమైన నీరసం వీటిలో ఏ ఒక్కటున్నా అది ఎత్తు జబ్బే అనుకుని నడుచుకోండి. ఎండ వల్లనో నీళ్లు తాగకనో అని సర్దిచెప్పుకోవద్దు. నొప్పికి మాత్ర వేసుకోవచ్చు, కానీ మాత్రతో తగ్గింది కదా అని పైకి ఎక్కకూడదు. మాత్ర ప్రభావం పోయాక కూడా నొప్పి లేకపోతేనే ముందుకి కదలాలి.

రెండు లక్షణాలకి మాత్రం ఆలోచించే టైమ్ ఉండదు. మొదటిది మెదడుకి సంబంధించినది. మనిషిని మడమకి బొటనవేలు ఆనిస్తూ తిన్నగా పది అడుగులు వేయమనండి. తూలినా, మాట తడబడినా మెదడు వాస్తోందన్నమాట. రెండోది, కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు ఎక్కువవడం. అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. రెండింటికీ అసలు మందు కిందికి దిగడమే, అర్ధరాత్రైనా సరే. ఆక్సిజన్ సిలిండర్, డెక్సామెథాసోన్, నిఫెడిపిన్ లాంటి మందులు దిగేలోపు ప్రాణం నిలబెట్టడానికి మాత్రమే.

ఇక్కడ ఈ ట్రెక్‌కే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బాలూ కా ఘేరాలో ఒంట్లో బాగోకపోతే వచ్చిన దారినే జోబ్రాకి దిగిపోవచ్చు, అక్కడ రోడ్డుంది. పాస్ దాటి షియాగోరు చేరాక ఆ వీలు లేదు. వెనక్కి రావాలంటే మళ్లీ పాస్ ఎక్కాలి, ముందుకి పోవాలంటే వాగు దాటి ఛత్రు దాకా దిగాలి. అందుకే వెళ్లాలా వద్దా అన్నది బాలూ కా ఘేరాలో ఆ సాయంత్రమే తేలిపోవాలి. గైడ్ వద్దంటే వాదించకండి. గ్రూపులో ఒకరు దాస్తే మిగతావాళ్లు గైడ్‌కి చెప్పేయాలి.

ఆక్సీమీటర్ అంకె ఒక్కటే పట్టుకుని కంగారు పడొద్దు. చేతులు చల్లబడినా, గోళ్లకి రంగున్నా తక్కువ చూపిస్తుంది. వేలు వెచ్చచేసి మళ్లీ చూడండి. 3,600 మీటర్ల దగ్గర 85–90 మధ్య ఉండటం మామూలే. అంకె కంటే మనిషి ఎలా ఉన్నాడన్నది ముఖ్యం.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర వాడదలిస్తే ముందు డాక్టర్ని అడగాలి. సాధారణంగా ఎక్కడానికి ముందు రోజు నుంచి 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకి రెండు ఇస్తారు. మూత్రం ఎక్కువగా వస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇవి భయపడాల్సినవి కావు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. మద్యం, నిద్రమాత్రలు రెండూ బంద్.

పాస్ దాటే రోజు

నాలుగింటికి లేచి ఐదింటికల్లా నడక మొదలుపెట్టాలి, పదకొండు లోపు పైన ఉండాలి. అంత తెల్లవారుజామునే ఎందుకంటే, పొద్దున గట్టిగా ఉన్న మంచు ఎండెక్కాక మెత్తబడి మోకాలి దాకా దిగబడుతుంది, మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి, కరిగిన మంచుతో వాగులు పొంగుతాయి. ఇక్కడ ఒక గంట ఆలస్యం కింద రెండు గంటలవుతుంది.

మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. ఒక వాక్యం పూర్తిచేయకుండానే ఊపిరి అందట్లేదంటే వేగం తగ్గించండి. దారిలో పాస్‌లా కనిపించే మిట్టలు వరసగా వస్తాయి, ఇదే పాస్ అనుకుని ఎక్కితే వెనక ఇంకోటి కనిపిస్తుంది. ఎంత దూరం అని గైడ్‌ని మాటిమాటికీ అడగడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆకాశం తేటగా ఉంటే ఇంద్రాసన్ (6,221 మీటర్లు), దేవ్ టిబ్బా (6,001) కనిపిస్తాయి. ఫొటోలకి పావుగంట చాలు, చెమట ఆరి చలి పట్టేలోపు దిగడం మొదలుపెట్టాలి.

కాళ్లకి అసలు పరీక్ష షియాగోరు వైపు దిగుడులో. బాగా నిటారు, అప్పటికే ఒళ్లు అలసిపోయి ఉంటుంది. దిగే ముందు కూర్చుని లేసులు పూర్తిగా విప్పి, మడమని వెనక్కి నెట్టి, చీలమండ దగ్గర గట్టిగా బిగించి మళ్లీ కట్టండి. లేకపోతే వేళ్లు షూ ముందు భాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. ట్రెక్‌కి మూడు రోజుల ముందే గోళ్లు కత్తిరించుకోండి. కర్రలు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడవు పెంచాలి. మంచు మీద మడమతో గట్టిగా గుచ్చుతూ అడుగేయాలి. కూర్చుని జారడం సరదాగానే ఉంటుంది, అయితే కింద బండలు లేవని గైడ్ చూపించిన చోటే జారాలి. మైక్రోస్పైక్స్ (మంచు మీద జారకుండా షూకి తొడిగే ఇనుప పళ్లు) కాళ్లకి ఉండగా ఎప్పుడూ జారకండి, పళ్లు మంచులో పట్టుకుంటే చీలమండ విరుగుతుంది.

వాగు దాటడం

వట్టికాళ్లతో దిగొద్దు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకోండి. బ్యాగు నడుము బెల్టు, ఛాతీ క్లిప్పు రెండూ విప్పేయాలి. పడితే బ్యాగు వదిలేసి లేవగలగాలి కదా. ముఖం నీళ్లు వచ్చే వైపు పెట్టి, కర్ర మీద భారం వేసి, అడ్డంగా ఒక్కో అడుగూ జరపండి. ముగ్గురు నలుగురు చేతులు మెలేసుకుంటే ఇంకా నిలకడ. షియాగోరు వాగుని తెల్లవారుజామునే దాటడం మంచిది. నీళ్లు కొరికేస్తాయి, కానీ లోతు తక్కువ.

సామాను, గైడ్, నెల

షూస్ కనీసం మూడు వారాలు వాడి మెత్తబడ్డవి కావాలి, కొత్త షూతో వచ్చినవాళ్లకి చికాలోనే బొబ్బలు. కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఆరవు. ఒంటికి అంటుకునే లోపొర, ఫ్లీస్, లావు జాకెట్, వాన ఆపే పైపొర చాలు. నాలుగు జతల సాక్సుల్లో ఉన్ని జత ఒకటి పడుకునేటప్పటికే ఉంచండి. మంచు మీద కళ్లద్దాలు తప్పనిసరి. రాత్రి ఫోనూ పవర్ బ్యాంకూ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి, నీళ్ల సీసా తలకిందులుగా నిలబెట్టండి. గడ్డకట్టేది పైభాగమే కాబట్టి మూత వైపు నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.

గైడ్‌కి మనాలీలోనో ఉత్తరకాశీలోనో ఉన్న పర్వతారోహణ సంస్థలో కోర్సు చేసిన సర్టిఫికెట్ ఉందా, సిలిండర్, స్ట్రెచర్ తెస్తున్నారా, షియాగోరులో ఎవరికైనా బాగోలేకపోతే ఎలా దింపుతారు అని అడగండి. మూడోదానికి తడుముకుంటే ఇంకొకర్ని చూసుకోండి.

జూన్‌లో మంచు ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో కులు వైపు పచ్చగా ఉంటుంది, వాన తప్పదు, వాగులు పెద్దవి. సెప్టెంబర్లో ఆకాశం తేట, రాత్రులు చలి. వానకి ఓర్చుకోలేనివాళ్లకి సెప్టెంబరే మేలు.

ఛత్రు నుంచి మనాలీకి ఇప్పుడు 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ మీదుగా రావచ్చు, కానీ టన్నెల్ దాకా ఉన్న రోడ్డులో కొంత భాగం కచ్చాది. మధ్యాహ్నానికి రోడ్డు మీదికే వాగులు పొంగి జీపులు ఆగిపోతుంటాయి. కాబట్టి ఢిల్లీ బస్సు ఆ రాత్రికి కాకుండా మర్నాటికి బుక్ చేసుకోండి.