జొన్న రొట్టె పగలకుండా
షుగర్ ఉందని, బరువు తగ్గాలని రాత్రి అన్నం బంద్ పెట్టి జొన్న రొట్టె మొదలుపెడతం. అది తడుతుంటేనే పగులుతది, విసుగొచ్చి మళ్లీ అన్నమే. పాలమూరు దిక్కు పెద్దోళ్లు చేసేది ఇట్ల: గిలాస పిండికి ముప్పావు గిలాస నీళ్లు చిటికెడు ఉప్పేసి మసలబెట్టాలె. పిండి మీద పోసి, గంటెతో కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టాలె. చెయ్యి కాలనంత వేడి ఉండంగనే అరచేత్తో ఒత్తి ఒత్తి పిసకాలె. అసలు పనంతా ఈ పిసుకుడులనే ఉంది. పెంక మీద వేసినంక పైన నీళ్ల తడి రాయాలె.

రెండు రొట్టెలు, గిన్నెడు తోటకూర చాలు. జొన్నల గూడ పిండిపదార్థమే, నాలుగు తింటే ఫాయిదా లేదు. గిర్నీ పట్టించి చాన్నాళ్లయిన పిండి ఎంత పిసికినా పగులుతది. గోళీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు తిండి ఒక్కసారే తగ్గియ్యొద్దు, డాక్టరునడగాలె.