కుటుంబం హైదరాబాద్‌లో ఉంటే అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్‌కు ఎలా సిద్ధం కావాలి?

అమ్మానాన్న కూకట్‌పల్లిలో, అత్తమామలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నారు. మీరు అమెరికా పౌరులై, అక్కడ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతి) అడిగే ఉద్యోగానికి ఎంపికయ్యారు. (గ్రీన్‌కార్డు సరిపోదు, పౌరసత్వం ఉండాల్సిందే.) ఇంట్లోవాళ్లు ఇండియాలో ఉన్నారన్న ఒక్క కారణంతో క్లియరెన్స్ ఆగిపోదు. ఆ బంధాలను అడ్డం పెట్టుకుని మీ మీద ఎవరైనా ఒత్తిడి తేగలరా అన్నదే అధికారులు చూస్తారు. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చేందుకు 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో ‘బి’ దీని గురించే.

1. ఫారం తెరవకముందే ఇంటికి ఫోన్ చేయండి. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో 18వ సెక్షన్ తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, పిల్లల వివరాలు అడుగుతుంది. పేరు, పుట్టిన తేదీ, ఊరు, చిరునామా, ఉద్యోగం అన్నీ కావాలి. మనవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, మరోదానిలో పూర్తిగా ఉంటుంది. బళ్లో రాయించిన పుట్టినరోజు ఒకటి, అసలుది ఇంకొకటి. పాస్‌పోర్టులో ఉన్నది రాసి, తేడా ఎందుకొచ్చిందో వ్యాఖ్యల గడిలో ఒక్క వాక్యంలో చెప్పండి. తేదీ కచ్చితంగా తెలియకపోతే, అంచనా అని గుర్తు పెట్టే గడి ఉంది.

2. వరసలు సరిచూసుకోండి. పిన్ని కొడుకు మనకు తమ్ముడే, ఫారానికి మాత్రం కాదు. అతన్ని 18లో రాయకండి. తరచూ మాట్లాడుతుంటే 19వ సెక్షన్‌లోకి వస్తాడు. గత 7 ఏళ్లలో ఆప్యాయతతోనో బాధ్యతతోనో దగ్గరగా మెలిగిన విదేశీయులందరికీ అదే చోటు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరినీ ఎక్కించనక్కర్లేదు. విడిగా ఫోన్ చేసుకునేవాళ్లను, ఊరొచ్చినప్పుడు మీరు ఎవరింట్లో దిగుతారో వాళ్లను వదలొద్దు.

3. ప్రభుత్వ ఉద్యోగాలను దాచొద్దు. హైదరాబాద్ కుటుంబాలు అన్నిటికంటే జాగ్రత్తగా నింపాల్సిన భాగం ఇదే. కంచన్‌బాగ్‌లో రక్షణ రంగ సంస్థలు డీఆర్‌డీఎల్, బీడీఎల్, మిధాని ఉన్నాయి, నగరంలో మరోవైపు అణుశక్తి శాఖ సంస్థలు ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ. వీటిలో పనిచేసినవాళ్లు చాలా ఇళ్లలో కనిపిస్తారు. బంధువుకు విదేశీ ప్రభుత్వంతో, సైన్యంతో, రక్షణ పరిశ్రమతో సంబంధం ఉందా అని ఫారం సూటిగా అడుగుతుంది. నాన్నగారు రిటైరైతే చివరిగా పనిచేసిన సంస్థ పేరు రాయాలి. ‘రిటైర్డ్’ అని వదిలేస్తే, ఆ సంగతి విచారణలో బయటపడినప్పుడు ‘బి’ కింద సర్దుకుపోయే విషయం వ్యక్తిగత ప్రవర్తనకు చెందిన ‘ఇ’ కిందికి మారుతుంది. దాన్నుంచి బయటపడటం చాలా కష్టం.

4. ఆస్తులు, డబ్బు. మీ పేర, భార్య లేదా భర్త పేర ఉన్న ఎన్నారై ఖాతాలు, శంకర్‌పల్లిలో కొన్న ప్లాటు, ఉమ్మడి పేర్ల ఫ్లాటు 20ఏ సెక్షన్‌లో చూపాలి. ఎప్పుడు, ఎంతకు కొన్నారో, ఇప్పటి విలువ ఎంతో కావాలి కాబట్టి సేల్ డీడ్ కాపీ తెప్పించుకోండి. ఇంటికి పంపే డబ్బునూ అడుగుతారు. అమెరికాలోని ఇల్లు, రిటైర్‌మెంట్ పొదుపు లెక్క కూడా పక్కన పెట్టుకోండి. ఇండియాలోని ఆస్తి దానితో పోలిస్తే చిన్నదైతే మీకు కలిసొస్తుంది.

5. పాత పాస్‌పోర్టు. రద్దయిన భారత పాస్‌పోర్టును, దాన్ని అప్పగించినట్టు ఇచ్చే సరెండర్ సర్టిఫికెట్‌ను పారేయకండి. గత 7 ఏళ్లలో అమెరికా పౌరసత్వానికి ముందు చేసిన ప్రయాణాల తేదీలు ఆ పాస్‌పోర్టు ముద్రల్లోనే దొరుకుతాయి. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు భారత చట్టం ప్రకారం పౌరసత్వం కాదు. అయినా అది ఉందని వ్యాఖ్యల్లో రాయడం మేలు.

6. ఇంటర్వ్యూ. ఎవరితో ఎన్నాళ్లకోసారి మాట్లాడతారు, మీ పని గురించి ఎవరైనా ఆరా తీశారా అని అడుగుతారు. ఫారంలో ఏం రాశారో అదే చెప్పండి. మర్చిపోయిన పేరు గుర్తొస్తే విచారణాధికారి అడగకముందే మీరే చెప్పండి.

క్లియరెన్స్ వచ్చాక కూడా సంక్రాంతికి టికెట్లు కొనేముందు మీ సంస్థ భద్రతాధికారికి చెప్పాలి. అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు మీ దగ్గర ఉంటామన్నా ముందే చెప్పండి. ఒకవేళ కాంట్రాక్టు సంస్థలో ఉన్న మీకు అభ్యంతరాల నోటీసు వస్తే, జవాబుకు గడువు అందిన రోజు నుంచి 20 రోజులే. ఆ వారంలోనే లాయరును కలవండి.