పైకప్పు మీద కరెంటు మనదే, మరి క్రెడిట్లు ఎవరివి?

మా పైకప్పు మీద 18 సోలార్ ప్యానెళ్లు బిగించి కంపెనీ వాళ్లు వెళ్లిపోయిన సాయంత్రం, వాళ్లిచ్చిన ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. ఉద్యోగమంతా అకౌంట్స్ సెక్షన్‌లోనే గడిపినదాన్ని కాబట్టి కాగితాలు నంబరు వారీగా సర్దుకోవడం అలవాటు. అలా సర్దుతుంటే కాంట్రాక్టు పదకొండో పేజీలో ఒక వాక్యం కంటపడింది. ఈ ప్లాంటు ఉత్పత్తి చేసే విద్యుత్తుకు సంబంధించిన పర్యావరణ ప్రయోజనాలన్నీ, ఇప్పుడున్నవైనా ముందు ముందు వచ్చేవైనా, కంపెనీకే చెందుతాయని దాని సారాంశం. ప్యానెళ్లకు పూర్తి డబ్బు కట్టింది నేను. మెయింటెనెన్స్ నాది, ఇన్సూరెన్స్ నాది. ఆ ప్రయోజనాలకు లెక్కగా వచ్చే, అమ్ముకోగలిగే క్రెడిట్లు మాత్రం వాళ్లవి.

ఇంకా బాధ కలిగించింది ఏమిటంటే, అదే కంపెనీ నాకిచ్చిన కొటేషన్‌లో 'ఏటా వచ్చే లాభం' పట్టిక కింద క్రెడిట్ల ఆదాయాన్ని కూడా నా ఖాతాలోనే వేసి చూపించింది. చివరికి ఆ కొటేషనే నన్ను కాపాడింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఈ రెండింటిలో ఏది నిజమో రాతపూర్వకంగా చెప్పండని లెటర్ పెట్టాను. నాలుగు నెలలు తిప్పించుకున్నాక, ఆ క్లాజు తీసేస్తూ సవరణ పత్రం మీద సంతకం చేసి ఇచ్చారు. ఆ నాలుగు నెలల ఉత్పత్తికి మాత్రం క్రెడిట్లు రాలేదు. సవరణ పత్రం లేకుండా నా పేరు మీద రిజిస్ట్రేషన్ కుదరలేదు, రిజిస్ట్రేషన్‌కు ముందు తేదీల ఉత్పత్తిని మా రిజిస్ట్రీ, అంటే క్రెడిట్లను నమోదు చేసి లెక్క ఉంచే సంస్థ, లెక్కలోకి తీసుకోదు. సోలార్ పెట్టించుకుంటూ క్రెడిట్లు కూడా సంపాదించాలనుకునే వాళ్లకు ఆ నష్టం రాకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ముందు క్రెడిట్ అంటే ఏమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. మీ ప్యానెళ్లు 1000 యూనిట్లు, అంటే ఒక మెగావాట్ అవర్ కరెంటు ఉత్పత్తి చేస్తే ఒక క్రెడిట్ పుడుతుంది. కొన్ని చోట్ల దీన్ని సర్టిఫికెట్ అంటారు. కరెంటు వేరు, క్రెడిట్ వేరు. కరెంటు మీ ఫ్యానులోకి, ఫ్రిజ్‌లోకి వెళ్లిపోతుంది, మిగిలింది గ్రిడ్‌లోకి పోతుంది. ఒకసారి గ్రిడ్‌లో కలిశాక అది సూర్యుడి నుంచి వచ్చిందా, బొగ్గు నుంచి వచ్చిందా అని ఎవరూ వేరు చేసి చూపించలేరు. అందుకే 'ఇన్ని యూనిట్లు పునరుత్పాదక వనరుల నుంచి వచ్చాయి' అన్న సాక్ష్యాన్ని విడిగా ఒక కాగితంగా, ఒక సీరియల్ నంబరుతో పుట్టిస్తారు. ఒకే లావాదేవీకి రెండు పద్దులన్నమాట. ఒక పద్దు మీ కరెంటు బిల్లులో కనిపిస్తుంది, రెండోది రిజిస్ట్రీలో ఉంటుంది. రెండో పద్దు ఎవరి పేరు మీద ఉందో మీరు అడిగితేనే తెలుస్తుంది.

వీటిని కొనేదెవరు? చాలాచోట్ల కరెంటు సరఫరా సంస్థలు తమ అమ్మకాల్లో ఇంత శాతం పునరుత్పాదక విద్యుత్తు ఉండాలని చట్టం చెబుతుంది. సొంతంగా అంత ఉత్పత్తి లేని సంస్థ క్రెడిట్లు కొని లెక్క చూపిస్తుంది. చట్టం బలవంతం లేకున్నా తమ వాడకం పచ్చగా ఉందని చెప్పుకోవడానికి కొనే కంపెనీలూ ఉన్నాయి. లెక్క చూపించిన క్రెడిట్‌ను అక్కడితో రద్దు చేస్తారు, మళ్లీ అమ్మడానికి ఉండదు.

పద్ధతి మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో రాష్ట్రానికో రూలు. న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఇంటి పైకప్పు ప్లాంటుకు కూడా క్రెడిట్లు వస్తాయి, అసలు అలాంటి ఏర్పాటే లేని రాష్ట్రాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 100 కిలోవాట్ల లోపు ప్లాంటుకు రాబోయే సంవత్సరాల ఉత్పత్తిని ముందే అంచనా కట్టి, బిగించినప్పుడే సర్టిఫికెట్లు ఇచ్చేస్తారు. ఎక్కువ మంది వాటిని బిగించిన కంపెనీకే రాసిచ్చి, బదులుగా బిల్లులో తగ్గింపు తీసుకుంటారు. మన దేశంలో సర్టిఫికెట్ల విధానానికి కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2010లో నిబంధనలు తెచ్చింది, 2011 నుంచి పవర్ ఎక్స్ఛేంజీల్లో వాటి అమ్మకాలు జరుగుతున్నాయి. కానీ నెట్ మీటరింగ్ (గ్రిడ్‌లోకి పంపిన యూనిట్లను మన బిల్లులో తగ్గించే పద్ధతి) కింద ఇంటి పైకప్పు మీద పండే యూనిట్లను చాలా రాష్ట్రాల్లో డిస్కమ్‌లే, అంటే కరెంటు సరఫరా సంస్థలే, చట్టం తమకు పెట్టిన శాతం కింద లెక్కేసుకుంటాయి. అందుకే కంపెనీ సేల్స్ మనిషి క్రెడిట్ల మాట ఎత్తగానే మొదట అడగాల్సింది ఇదే: నా సైజు ప్లాంటుకు, ఇక్కడి రూల్స్ ప్రకారం, ఏ రిజిస్ట్రీలో, ఎవరి పేరు మీద వస్తాయి? ఆ రిజిస్ట్రీ పేరు చెప్పలేకపోతే, కొటేషన్‌లో క్రెడిట్ల ఆదాయం వరసను కొట్టేసి మిగతా లెక్క చూసుకోండి. అది లేకుండానే ప్లాంటు గిట్టుబాటవుతుందా లేదా అన్నది తేలాలి.

తర్వాత, ప్లాంటు ఎవరిది? పూర్తి డబ్బు కట్టి కొనుక్కుంటే, లేదా లోను తీసుకుని కొనుక్కుంటే, క్రెడిట్లు సాధారణంగా మీవే, నాకు జరిగినట్టు ఏదో క్లాజు అడ్డం రాకపోతే. లీజు మీద పెట్టించుకున్నా, ప్లాంటు కంపెనీదే ఉండి యూనిట్ల లెక్కన మీరు డబ్బు కట్టే ఒప్పందం అయినా, క్రెడిట్లు దాదాపు ఎప్పుడూ కంపెనీకే వెళతాయి. అది మోసమేమీ కాదు. పెట్టుబడి వాళ్లది, వాటి రాబడి కూడా కలిపి చూసుకునే వాళ్లు మీకు రేటు తగ్గిస్తారు. ఆ తగ్గింపు ఎంతో విడిగా రాసి చూపించమనండి, పోల్చుకోవడానికి వీలుంటుంది. కాంట్రాక్టులో 'క్రెడిట్' అనే మాట ఒక్కటే వెతికితే సరిపోదు. పర్యావరణ ప్రయోజనాలు, హరిత గుణాలు, ప్రోత్సాహకాలు, కార్బన్ హక్కులు, ఇలా రకరకాల పేర్లతో రాస్తారు. ఈ మాటలున్న ప్రతి లైను కింద గీత గీసి, దాని పక్కన 'ఎవరికి?' అని రాసుకోండి. కొటేషన్‌ను కాంట్రాక్టుకు అనుబంధంగా జతచేయించి, దాని మీద కూడా ఇద్దరూ సంతకాలు చేయడం మరిచిపోవద్దు.

ఇక ప్లాంటు ఎంత పండిస్తుందన్న అంచనా. మాది 7.2 కిలోవాట్లు, ఒక్కో ప్యానెల్ 400 వాట్లు. కంపెనీ లెక్కలో ఏడాదికి 10,800 యూనిట్లు, అంటే కిలోవాటుకు 1500. ఎండ బాగా ఉండి నీడ లేని చోట అది రాని అంకె కాదు. మా పైకప్పుకు రాదని నాకు అనుమానం. సైట్ విజిట్‌కు వచ్చిన అబ్బాయి ఉదయం పదకొండింటికి వచ్చాడు, అప్పుడు పైకప్పు అంతా ఎండే. పడమటి వైపు పక్కింటి చెట్టు నీడ మూడు దాటాక మొదలై, నాలుగున్నరకల్లా మూడో వంతు పైకప్పును కమ్మేస్తుంది. నేను ఒక ఆదివారం పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకో ఫొటో తీసి పంపాను. అవి చూశాకే వాళ్లు పడమటి వైపు ఆరు ప్యానెళ్లను తూర్పుకు జరిపారు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తీ దెబ్బతింటుంది. ఆ ఆరూ అక్కడే ఉండి ఉంటే నష్టం ఆరింటితో ఆగేది కాదు. రిజిస్ట్రేషన్ అయ్యాక మొదటి ఏడాది నిజంగా వచ్చింది 9,460 యూనిట్లు. అంటే తొమ్మిది క్రెడిట్లు. మిగిలిన 460 యూనిట్లు పోలేదు, తర్వాతి ఏడాది లెక్కలో కలిశాయి. ఆ చెట్టు కొట్టించమని పక్కవాళ్లను అడగమన్నవాళ్లున్నారు. నేను అడగలేదు, అడగను కూడా.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ మీటరు మీద పెట్టాలి. క్రెడిట్లు ఉత్పత్తి మీద వస్తాయి, గ్రిడ్‌కు పంపిన మిగులు మీద కాదు. కరెంటు బిల్లు కోసం సరఫరా సంస్థ పెట్టే మీటరు గ్రిడ్ నుంచి వచ్చిందీ, గ్రిడ్‌లోకి పోయిందీ మాత్రమే చూస్తుంది. పగలు ఇంట్లో వాడేసుకున్న యూనిట్లు దానికి కనిపించవు. కాబట్టి ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టె) పక్కన విడిగా ఒక ఉత్పత్తి మీటరు ఉండాలి. ఇన్వర్టర్ తెర మీద, ఫోన్ యాప్‌లో కనిపించే అంకె సరిపోదా అని నేనూ అడిగాను. చాలా రిజిస్ట్రీలు దాన్ని ఒప్పుకోవు, అందులో కొన్ని శాతం తేడా ఉండొచ్చు. బిల్లింగ్‌కు పనికొచ్చే కచ్చితత్వం ఉన్న మీటరే కావాలంటాయి. అది కొటేషన్‌లో కలిసి ఉందా, విడిగా కట్టాలా అన్నది ముందే తేల్చుకోండి. బిగించిన రోజు మీటరు సీరియల్ నంబరు, మొదటి రీడింగు, తేదీ, మూడూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి పెట్టుకోండి. మీటరు పక్కన తేదీ రాసిన కాగితం పట్టుకుంటే చాలు.

రిజిస్ట్రేషన్‌కు ఏం కావాలో నా ఫైలు చూసి చెబుతున్నాను: సరఫరా సంస్థ ఇచ్చిన కనెక్షన్ అనుమతి పత్రం, ప్యానెళ్ల, ఇన్వర్టర్ మోడల్ వివరాలు, మీటరు ఫొటో, ప్లాంటు మీదేనని చూపే బిల్లు, ప్లాంటు పని మొదలుపెట్టిందని కంపెనీ సంతకం చేసిచ్చే కమిషనింగ్ పత్రం. ఈ ఆఖరి కాగితం కోసమే ఎక్కువగా తిరగాల్సి వస్తుంది. ఆఖరి వాయిదా డబ్బు చేతికి అందాక కంపెనీ వాళ్ల ఉత్సాహం తగ్గుతుంది. అందుకని కమిషనింగ్ పత్రం, రిజిస్ట్రేషన్‌కు కావలసిన కాగితాలన్నీ ఇచ్చాకే చివరి పది శాతం చెల్లిస్తానని కాంట్రాక్టులోనే రాయించండి. నేను రాయించలేదు. తర్వాత మా చెల్లెలు వాళ్లు ప్లాంటు పెట్టించుకున్నప్పుడు పట్టుబట్టి రాయించాను, వాళ్ల కాగితాలు తొమ్మిది రోజుల్లో చేతికొచ్చాయి.

ప్రతి నెలా ఒకటో తారీకున రిజిస్ట్రీకి రీడింగు పంపాలి. యాప్‌లో అంతా దానంతటదే వెళ్లిపోతుందని చెప్పినా, ఒక నోట్‌బుక్కులో మీరూ రాసుకోండి. రెండో ఏడాది మా మీటరు తెర ఆరిపోయింది. టెక్నీషియన్ వచ్చి పాతది విప్పి కొత్తది పెట్టి వెళ్లాడు, పాత మీటరు ఆఖరి రీడింగు ఎక్కడా రాయలేదు. కొత్త మీటరు సున్నా నుంచి మొదలైంది. కిందటి నెలకన్నా తక్కువ అంకె వచ్చేసరికి రిజిస్ట్రీ ఆ నెల రీడింగును తిప్పి పంపింది. వారం రోజులు టెన్షన్ పడ్డాను. నా నోట్‌బుక్కులో ఒకటో తారీకు రీడింగు, దాని ఫొటో ఉన్నాయి కాబట్టి అప్పటిదాకా ఉన్న లెక్క నిలబడింది, ఒకటో తారీకు నుంచి మీటరు మార్చిన దాకా 17 రోజుల యూనిట్లు మాత్రం పోయాయి. మీటరు ముట్టుకునే ముందు పాత రీడింగు రాసి, జాబ్ షీటు మీద టెక్నీషియన్ చేత సంతకం పెట్టించుకోండి.

అమ్మకం సంగతికొస్తే, ఏడాదికి తొమ్మిది క్రెడిట్లున్న మనిషితో పెద్ద కొనుగోలుదార్లు నేరుగా మాట్లాడరు. చాలామంది చిన్న ఉత్పత్తిదారులవి కలిపి అమ్మే అగ్రిగేటర్లు ఉంటారు, కొన్నిసార్లు ఆ పని సోలార్ కంపెనీయే చేస్తుంది. వాళ్లతో ఒప్పందం వేరే కాగితం మీద ఉండాలి. కమిషన్ ఎంత, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, మధ్యలో మానుకోవాలంటే ఎలా, ఈ మూడూ అందులో కనిపించాలి. మార్కెట్ రేటుకు అమ్మడమా, కొన్నేళ్లకు ఒకే రేటు ఖాయం చేసుకోవడమా అని అడుగుతారు. రేటు ఎక్కడుంటుందన్నది చట్టం పెట్టే శాతాన్ని బట్టీ, కొత్తగా ఎన్ని ప్లాంట్లు వస్తున్నాయన్న దాన్ని బట్టీ ఉంటుంది. సరఫరా ఎక్కువైతే పడిపోతుంది. ప్లాంటు లోను క్రెడిట్ల డబ్బుతోనే తీర్చాలనుకునేవాళ్లకు స్థిరమైన రేటే మంచిదని నా అభిప్రాయం. లోను లేదు కాబట్టి నేను సగం అలా, సగం ఇలా పెట్టాను. ఎక్కువకాలం దాచుకుని మంచి రేటు కోసం చూద్దామనుకుంటే ముందు గడువు చూసుకోండి. ప్రతి క్రెడిట్ మీద అది పుట్టిన కాలం రాసి ఉంటుంది, చాలా చోట్ల కొంత గడువు దాటితే అది చెల్లదు. వచ్చిన డబ్బు పన్ను లెక్కలో ఎలా చూపాలో మీ ఆడిటర్‌ను మొదటి ఏడాదే అడగండి.

ఒక సంగతి మాత్రం మనసులో పెట్టుకోవాలి. క్రెడిట్ అమ్మాక, ఆ యూనిట్లు పునరుత్పాదకమని చెప్పుకునే హక్కు కొన్నవాళ్లది. ఇంటికేమో గానీ, వ్యాపారం ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయం. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లో సవరించిన గ్రీన్ గైడ్స్ (పర్యావరణం పేరుతో చేసే ప్రకటనలకు మార్గదర్శకాలు) ప్రకారం, తన క్రెడిట్లన్నీ అమ్ముకున్న సంస్థ 'మేం పునరుత్పాదక విద్యుత్తు వాడుతున్నాం' అని ప్రకటించుకుంటే అది జనాన్ని తప్పుదోవ పట్టించడమే. మా చెల్లెలు వాళ్ల షాపు బోర్డు మీద 'సూర్యశక్తితో నడిచే షాపు' అని రాయించాలనుకున్నారు. క్రెడిట్లు అమ్ముతూ ఆ మాట రాయొద్దని చెప్పాను. వాళ్లు ఆలోచించుకుని క్రెడిట్లు అమ్మకుండా ఉంచుకుని, బోర్డు రాయించారు. నాకది నచ్చింది.

ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే, క్రెడిట్ల ఖాతా దానంతటది ఇంటితో పాటు వెళ్లదు. అగ్రిగేటర్‌తో స్థిర రేటు ఒప్పందం నడుస్తుంటే దాన్ని ఇల్లు కొన్నవాళ్ల పేరుకు మార్చాలి, లేకపోతే మిగిలిన ఏళ్ల బాధ్యత మీ మీదే ఉండిపోవచ్చు. అమ్మకం అగ్రిమెంటులో ప్లాంటుకు, క్రెడిట్లకు విడివిడిగా ఒక్కో లైను రాయించి, ఇంటి రిజిస్ట్రేషన్ రోజున మీటరు రీడింగు ఇద్దరూ కలిసి ఫొటో తీసుకోండి.