ఎలక్ట్రిక్ కారు ఫుల్ ఛార్జ్ కావడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

రాత్రంతా ప్లగ్‌కు పెట్టి ఉంచినా పొద్దున చూస్తే కారు 80 శాతం దగ్గరో, 63 దగ్గరో, 97 దగ్గరో ఆగిపోయి ఉంటుంది. వెంటనే బ్యాటరీ పోయిందేమోనన్న భయం పట్టుకుంటుంది. బ్యాటరీని అనుమానించాల్సింది చిట్టచివర. అంతకంటే ముందు సెట్టింగులు, సాకెట్టు, వైరు, గన్ (కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్) ఇవన్నీ వరసగా చూసుకోవాలి. ఏ శాతం దగ్గర ఆగింది, ఎన్ని గంటలకు ఆగింది అనే రెండు విషయాలు తెలిస్తే ఎక్కడ వెతకాలో చాలావరకు తేలిపోతుంది.

ముందు రాసుకోండి, తర్వాత చేయి పెట్టండి

రెండు మూడు ఛార్జింగుల పాటు ఏమీ మార్చకుండా ఇవి రాసుకోండి: మొదలుపెట్టిన శాతం, ఆగిన శాతం, ఆగిన టైము, ఛార్జర్ మీద వెలిగిన లైటు రంగు, తెరమీద వచ్చిన మెసేజ్. యాప్‌లో ఛార్జింగ్ హిస్టరీ ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి.

- ప్రతిసారీ 80, 90 లాంటి ఒకే అంకె దగ్గర ఆగుతుంటే అది లిమిట్ సెట్టింగు.
- శాతం మారుతున్నా టైము మాత్రం ఒకటే అయితే షెడ్యూల్.
- శాతమూ టైమూ రెండూ మారుతుంటే ఇంటి కరెంటు, వైరు, వేడి.
- 95 నుంచి 99 మధ్య గంటల తరబడి కదలకుంటే సెల్ బ్యాలెన్సింగ్, అంటే బ్యాటరీలోని సెల్స్‌ను సమానం చేసే పని.
- 100 చూపిస్తున్నా కిలోమీటర్లు రావట్లేదంటే అది వేరే సంగతి, చివర్లో చూద్దాం.

సెట్టింగులు

ఛార్జ్ లిమిట్ కారు తెరలోనూ ఉంటుంది, ఫోన్ యాప్‌లోనూ ఉంటుంది, కొన్నిసార్లు ఛార్జర్ యాప్‌లో మరొకటి ఉంటుంది. మూడూ చూడండి. కొన్ని కార్లలో ఏసీ ఛార్జింగ్‌కు (ఇంటి కరెంటుతో నెమ్మదిగా ఎక్కేది) ఒక లిమిట్, డీసీ ఫాస్ట్ ఛార్జింగ్‌కు ఇంకో లిమిట్ విడిగా ఉంటాయి. ఒకటి 100కు మార్చి రెండోది మర్చిపోతే సమస్య అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంటికి ఒక లిమిట్, బయట ఒక లిమిట్ పెట్టుకునే వీలున్న మోడళ్లూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత సమస్య మొదలైతే ముందు చూడాల్సింది ఇదే.

షెడ్యూల్డ్ ఛార్జింగ్‌ను పూర్తిగా ఆపేసి ఒక రాత్రి పరీక్షించండి. కారులో ఒక షెడ్యూల్, ఛార్జర్‌లో ఇంకో షెడ్యూల్ ఉంటే ఆ రెండూ కలిసే గంటల్లోనే కరెంటు పారుతుంది.

అసలు టైము సరిపోతోందా?

ఒక్కోసారి కారు ఆగనే లేదు, మీరే ముందుగా ప్లగ్ తీశారు. లెక్క కట్టి చూడండి. 40 కిలోవాట్ అవర్ బ్యాటరీని 20 నుంచి 100 శాతానికి తేవాలంటే లోపలికి 32 యూనిట్లు వెళ్లాలి. దారిలో పోయే 10, 15 శాతం కలిపితే గోడ దగ్గర సుమారు 36 యూనిట్లు. 230 వోల్టుల సాకెట్‌లో పోర్టబుల్ ఛార్జర్ 10 ఆంపియర్ల మీద ఉంటే వచ్చేది 2.3 కిలోవాట్లు. అంటే దాదాపు 16 గంటలు. అదే 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకు బిగించే ఛార్జర్) అయితే 5 గంటలు. పోర్టబుల్ ఛార్జర్లలో చాలావాటికి 6, 8, 10, 13 ఆంపియర్లంటూ బటన్ ఉంటుంది. చేయి తగిలి అది తక్కువకు మారిపోయిందేమో చూడండి.

ఛార్జ్ అవుతుండగా కారులో ఏసీ వేసి కూర్చున్నా, చలిలో బ్యాటరీ హీటర్ నడుస్తున్నా వచ్చే 2.3 కిలోవాట్లలో పెద్ద వాటా అక్కడే ఖర్చయిపోతుంది. శాతం కదలదు.

సాకెట్టు, వైరు, ఎర్త్

ఇంట్లో ఛార్జ్ చేసేవాళ్లు ఎక్కువ టైము పెట్టాల్సింది ఇక్కడే. ఇస్త్రీపెట్టె, గీజర్ కాసేపు లాగి వదిలేస్తాయి. కారు అదే సాకెట్ నుంచి ఎనిమిది, పది గంటలు ఎడతెగకుండా లాగుతుంది. అందుకే ఏళ్ల తరబడి బాగానే పనిచేసిన సాకెట్ కూడా కారు దగ్గర చేతులెత్తేస్తుంది.

ఛార్జింగ్ మొదలైన గంటకు సాకెట్ ప్లేటుకూ ప్లగ్ వెనక భాగానికీ చేయి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేయి ఉంచలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయండి. ఆ సాకెట్‌ను మళ్లీ వాడొద్దు. స్క్రూ వదులైన చోట 0.1 ఓమ్ అడ్డంకి ఏర్పడితే చాలు, 15 ఆంపియర్లు పారేటప్పుడు ఆ ఒక్క బిందువు దగ్గరే 22 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను గంటల తరబడి సాకెట్ లోపల పెట్టి ఉంచినట్టే. మంచి పోర్టబుల్ ఛార్జర్ల ప్లగ్‌లో వేడిని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. వేడెక్కగానే అది ఆంపియర్లు తగ్గిస్తుంది, ఇంకా పెరిగితే ఆపేస్తుంది. రెండు గంటలు బాగా ఎక్కి, తర్వాత నెమ్మదించి, 60ల్లో ఆగిపోయే కార్ల వెనక ఉండే కథ తరచూ ఇదే.

ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద కారు పెట్టకండి. 1 చదరపు మిల్లీమీటరు వైరుతో 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే, 15 ఆంపియర్లకు రానూపోనూ కలిపి 11 వోల్టులకు పైగా వైరులోనే పోతాయి. దాదాపు 170 వాట్లు వైరును వేడి చేయడానికే ఖర్చవుతాయి. చుట్ట చుట్టి ఉంచితే ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు.

మల్టీమీటర్ వాడటం బాగా అలవాటున్నవాళ్లు, లేదా ఎలక్ట్రీషియన్, ఈ మూడు కొలతలు తీసుకోవాలి. ఛార్జింగ్ లేనప్పుడు ఫేజ్, న్యూట్రల్ మధ్య వోల్టేజీ. ఛార్జింగ్ నడుస్తుండగా అదే లైను మీదున్న పక్క సాకెట్‌లో మళ్లీ అదే కొలత. ఆపైన న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజీ. మొదటి రెండింటి మధ్య తేడా 11, 12 వోల్టులు దాటితే, అంటే 5 శాతం మించితే, వైరు సన్నమైనా అయి ఉండాలి, ఎక్కడో జాయింట్ అయినా వదులై ఉండాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు ఉండొచ్చు. పదులు చూపిస్తుంటే ఎర్త్ సరిగా లేదు, లేదా న్యూట్రల్ వదులుగా ఉంది. చాలా ఛార్జర్లు ఎర్త్ నికరంగా లేకపోతే మొదలే కావు, మధ్యలో చెడితే ఆగిపోతాయి. ఎర్త్ చెకింగ్‌ను బైపాస్ చేసే చిట్కాలు చెప్పేవాళ్లుంటారు. వినకండి. కారు బాడీకి కరెంటు వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క వైరే.

ఇక పడిపోయే స్విచ్చులు. ఎంసీబీ (బోర్డులోని మామూలు ట్రిప్ స్విచ్చు) పడితే లోడ్ ఎక్కువైందని లేదా షార్ట్ సర్క్యూట్ అయిందని అర్థం, ఆర్‌సీసీబీ (షాక్ నుంచి కాపాడే స్విచ్చు) పడితే కరెంటు లీకేజీ అని అర్థం. రెండింటినీ కలిపి ‘ట్రిప్ అయింది’ అని ఎలక్ట్రీషియన్‌కు చెబితే అతను తప్పు చోట వెతుకుతాడు. 16 ఆంపియర్ల ఎంసీబీ మీద 15 ఆంపియర్లు గంటల తరబడి పారితే, వేడెక్కిన బోర్డులో అది పడటం దాని తప్పు కాదు. ఎడతెగని లోడ్ ఎంసీబీ రేటింగులో 80 శాతం దాటకూడదు. అంటే ఇక్కడ 13 ఆంపియర్లకు తగ్గించుకోవాలి. 32 ఆంపియర్ల వాల్‌బాక్స్‌కు 40 ఆంపియర్ల ఎంసీబీ, కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను ఉండాలి. దూరం ఎక్కువైతే వైరు ఇంకా లావు కావాలి. వైరు మార్చకుండా ఎంసీబీ ఒక్కటే పెద్దది వేయడం ఇల్లు తగలబెట్టుకునే పని.

కరెంటు పోయి వచ్చాక కొన్ని కార్లు తమంతట తాము మళ్లీ ఛార్జింగ్ మొదలుపెట్టవు. ఒకసారి గన్ తీసి పెట్టాలి.

గన్, కారు సాకెట్

టైప్ 2 గన్‌లో (ఏసీ ఛార్జింగ్‌కు వాడే రకం) ఏడు పిన్నులుంటాయి. పై వరుసలో ఉండే రెండు చిన్న పిన్నులు కరెంటు మోయవు, కారుకూ ఛార్జర్‌కూ మధ్య మాటలు మోస్తాయి. అందులో ఒకటి కంట్రోల్ పైలట్. ఎన్ని ఆంపియర్లు తీసుకోవచ్చో ఛార్జర్ ఆ పిన్ను ద్వారానే కారుకు చెబుతుంది. రెండోది కేబుల్ ఎన్ని ఆంపియర్లకు పనికొస్తుందో చెప్పేది. ఈ రెండింట్లో దేనికి దుమ్ము పట్టినా, పచ్చగా చిలుము పట్టినా కారు తక్కువ ఆంపియర్లే తీసుకోవడం, ఉన్నట్టుండి ఆపేయడం జరుగుతుంది.

బోర్డు దగ్గర పవర్ ఆపి, టార్చి వేసి రెండు వైపులా చూడండి. దుమ్ముంటే పొడి బ్రష్‌తో దులపండి. నీళ్లు చేరితే గన్‌ను తలకిందులుగా వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వండి. నూనె స్ప్రేలు కొట్టకండి, సూదులతో గీకకండి. పిన్ను నల్లబడి ఉంటే, వంగి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, మార్చాల్సిందే. గన్ పెట్టాక టక్కుమని లాక్ పడాలి. లాక్ పిన్ను సగంలో ఇరుక్కుంటే చాలా కార్లు ఛార్జింగ్ ఒప్పుకోవు.

ఇక్కడిదాకా ఏమీ తేలకపోతే తేలికైన పరీక్ష ఒకటుంది. అదే కారును వేరే చోట, వేరే ఛార్జర్ మీద పెట్టండి. అక్కడ నిండితే లోపం మీ ఇంటిది. అక్కడా అదే తీరులో ఆగితే లోపం కారుది.

ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 80 దాటడం లేదంటే

అది లోపం కాకపోవచ్చు. సెల్ వోల్టేజీ పై హద్దుకు దగ్గరయ్యే కొద్దీ కారు కరెంటు తగ్గించుకుంటూ వస్తుంది. అందుకే చివరి 20 శాతానికి ముందు 60 శాతానికి పట్టినంత టైము పట్టినా ఆశ్చర్యం లేదు. కొన్ని స్టేషన్లు 80 దగ్గరో, పెట్టుకున్న నిమిషాలు అయిపోగానో తామే ఆపేస్తాయి. హైవే మీద వేగంగా వచ్చి వెంటవెంటనే ఫాస్ట్ ఛార్జ్ చేస్తే బ్యాటరీ వేడెక్కి ఇంకా నెమ్మదిస్తుంది. గడ్డకట్టే చలిలోనూ అంతే. సున్నా డిగ్రీల కింద వేగంగా ఎక్కిస్తే సెల్ లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది కాబట్టి కారే ఒప్పుకోదు. ఫుల్ కావాలంటే చివరి భాగం ఏసీ మీద ఎక్కించడం మేలు.

97 దగ్గర కదలకుంటే

బ్యాటరీలో సెల్స్ చాలావరకు వరసగా కలిపి ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి ముందుగా పై హద్దు తాకినా మొత్తం ఛార్జింగ్ ఆగాల్సిందే. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం సెల్‌కు ఆ హద్దు సుమారు 4.2 వోల్టులు, ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకానికి 3.65. ముందు నిండిన సెల్ నుంచి కాస్త కాస్త కరెంటు వదిలేసి మిగతావాటిని అందుకోనివ్వడమే బ్యాలెన్సింగ్. వదిలే కరెంటు చాలా తక్కువ. 100 ఆంపియర్ అవర్ సెల్ ఒకటి మిగతావాటి కంటే 1 శాతం ముందుంటే, 100 మిల్లీయాంపియర్లతో దాన్ని సరిచేయడానికి 10 గంటలు పడుతుంది. ఎప్పుడూ 80 దగ్గరే ఆపేసే కార్లలో ఈ తేడా నెలల తరబడి పేరుకుంటుంది.

ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలకు మరో చిక్కు ఉంది. 20 నుంచి 80 శాతం దాకా సెల్ వోల్టేజీ మారేది సుమారు 0.1 వోల్టే. దాన్ని బట్టి శాతం పోల్చుకోవడం కారుకు కష్టం, కాబట్టి అంకె మెల్లగా దారి తప్పుతుంది. వారానికోసారి 100 దాకా ఎక్కించమని ఈ రకం కార్ల మాన్యువల్స్ చెప్పేది అందుకే. మీ కారు ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోండి. ఎన్‌ఎంసీ అయితే రోజూ 100 పెట్టడం మంచిది కాదు.

సెల్స్‌నూ, దారి తప్పిన అంకెనూ దారిలో పెట్టడానికి ఇలా చేయండి:

1. కారు 10–20 శాతానికి వచ్చేదాకా నడపండి.
2. ఆపేసి మూడు నాలుగు గంటలు కదపకుండా ఉంచండి.
3. లిమిట్ 100 పెట్టి, నెమ్మది ఏసీ ఛార్జర్ మీద ఒకే విడతలో ఎక్కించండి.
4. 100 కనబడ్డా గన్ తీయకండి. కారు తనంతట తాను ముగించేదాకా ఉంచండి.
5. నిండాక రోజుల తరబడి అలాగే వదిలేయకుండా నడపండి.

రెండు మూడు సార్లు చేసినా మారకపోతే, మీ మోడల్‌కు యాప్ దొరికితే, ఓబీడీ డాంగిల్ (కారు డయాగ్నస్టిక్ పోర్టుకు పెట్టి ఫోన్‌లో వివరాలు చూసే చిన్న పరికరం) పెట్టి సెల్ వోల్టేజీలు చూడండి. నిండి గంట ఆగాక హెచ్చు తగ్గుల మధ్య తేడా 20, 30 మిల్లీవోల్టులుంటే మామూలే. 100 దాటి అలాగే ఉంటే సర్వీస్‌కు చూపించాలి. ఇంకో సంగతి: నిండుగా ఉన్నప్పుడు అందరికంటే పైన ఉన్న సెల్, ఛార్జ్ 15 శాతానికి దిగినప్పుడు అందరికంటే కింద ఉందా? అలా ఉంటే దాని కెపాసిటీ తగ్గింది, బ్యాలెన్సింగ్‌తో బాగుపడదు. కిందికి దిగినప్పుడు కూడా పైనే ఉంటే అది వట్టి అసమానతే, టైమిస్తే సర్దుకుంటుంది.

12 వోల్టుల బ్యాటరీ

పెద్ద బ్యాటరీని ఛార్జర్‌కు కలిపే కాంటాక్టర్లు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) కారులో విడిగా ఉండే ఈ చిన్న బ్యాటరీ బలం మీదే మూసుకుంటాయి. లెడ్ యాసిడ్ రకమైతే కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు చూపాలి. 12.2 కంటే తక్కువుంటే ముందు దాని సంగతి చూడండి. కారు ఆన్‌లో 13.5–14.5 మధ్య రావాలి. రాకపోతే డీసీ డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని ఛార్జ్ చేసే పరికరం) మీద అనుమానం.

100 చూపిస్తూ దూరం రాకపోతే

సాకెట్‌కు కరెంటు మీటర్ పెట్టి 20 నుంచి 100 దాకా ఎన్ని యూనిట్లు తాగిందో చూడండి. 36 యూనిట్లు అయితే, 12 శాతం నష్టం తీసేస్తే 31.7. దాన్ని 0.8తో భాగిస్తే 39.6 కిలోవాట్ అవర్. ఇది అంచనాయే, కానీ 40 ఉండాల్సిన చోట 28 వస్తే తేడా స్పష్టం. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, 70 శాతం కెపాసిటీ వారంటీ ఇస్తాయి. మీ కాగితాల్లో ఏముందో చదవండి. సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు రాసుకున్న శాతాలు, టైములు, మెసేజ్ ఫొటోలు, సెల్ వోల్టేజీల స్క్రీన్‌షాట్లు పట్టుకెళ్లి, బ్యాటరీ హెల్త్ రిపోర్టు, ఫాల్ట్ కోడ్‌ల ప్రింటు రాతపూర్వకంగా అడగండి. నారింజ రంగు కేబుళ్లు కనిపించే మూత మాత్రం ఇంట్లో విప్పకండి. వాటిలో 400 వోల్టులు, కొన్ని కార్లలో 800 దాకా ఉంటాయి.