కౌన్సిల్ తీర్మానం ప్రతి కావాలంటే: సమాచార హక్కు దరఖాస్తు విధానం

లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలంలో ఓ రోజు పొద్దున్నే జేసీబీ దిగుతుంది. ఇదేమిటని అడిగితే "కౌన్సిల్‌లో పాసైంది" అంటారు. ఏ సమావేశంలో పాసైంది, ప్రతిపాదన పెట్టిందెవరు, అంచనా ఎంత అంటే జవాబు ఉండదు. పెరిగే పట్టణాల్లో ఇది రోజూ చూస్తున్నదే. ఆ కాగితాలు చూసే హక్కు 2005 సమాచార హక్కు చట్టం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మున్సిపాలిటీలు, కార్పొరేషన్లలో ఆ హక్కును వాడుకునే పద్ధతి ఇది.

దరఖాస్తు రాసే ముందు మీ వార్డు కౌన్సిలర్‌నో, డివిజన్ కార్పొరేటర్‌నో ఒకసారి కలవండి. ప్రతి సమావేశానికీ సభ్యులకు అజెండా ప్రతులు పంపుతారు. అందులో మీ అంశం దొరికితే సమావేశం తేదీ, అంశం నంబరు రాసుకోండి. దొరకకపోతే "టేబుల్ అజెండాలో వచ్చిందా?" అని అడగండి. ముందుగా పంపకుండా సమావేశం రోజే బల్ల మీద పెట్టే అంశాలు అవి. సభ్యులు కూడా చదవకుండానే చేతులెత్తే అవకాశం ఎక్కువ కాబట్టి వాటి మీదే మన కన్ను ఎక్కువ ఉండాలి. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేక అధికారి పాలన నడుస్తుంటే కౌన్సిల్ అధికారాలు ఆయనవే. అప్పుడు అడగాల్సింది ప్రత్యేక అధికారి ఆమోదించిన తీర్మానం.

ఇక దరఖాస్తు. ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటున్నాయి. "పార్కు స్థలాన్ని ఎందుకు ఇచ్చారు? ఇది న్యాయమా?" అని రాస్తే, అది సమాచారం కిందికి రాదని ఒక్క వాక్యంతో తిప్పి పంపేస్తారు. చట్టం ఇప్పించేది ఆఫీసు రికార్డులో ఉన్న కాగితాన్ని. సంజాయిషీ రాయించడం దాని పని కాదు. కాబట్టి ఆ నిర్ణయం ఏయే కాగితాల మీదుగా నడిచిందో ఆలోచించి, ఒక్కోదాన్ని పేరు పెట్టి అడగండి. దరఖాస్తును ఆఫీసులో సమాచారం ఇవ్వాల్సిన పౌర సమాచార అధికారి (పీఐఓ) పేరిట రాయాలి. ఉదాహరణకు:

"పౌర సమాచార అధికారి గారికి. ఫలానా తేదీన జరిగిన కౌన్సిల్ సమావేశంలో ఫలానా నంబరు అంశానికి సంబంధించి ఈ కింది వాటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు: అజెండా నోటు, తీర్మానం, సభ్యుల అసమ్మతి నమోదైతే ఆ పేజీ, సంబంధిత నోట్ ఫైలు మొత్తం, పని అంచనా, పరిపాలనా మంజూరు ఉత్తర్వు, ఆమోదిత లేఅవుట్ ప్లాను."

ఇందులో నోట్ ఫైలును, అంటే ఆ అంశం మీద అధికారులు రాసిన అభిప్రాయాల భాగాన్ని మాత్రం వదలొద్దు. తీర్మానంలో "సభ ఆమోదించడమైనది" అన్న ఒక్క ముక్కే ఉండొచ్చు. ఆ ప్రతిపాదన ఏ సెక్షన్‌లో పుట్టింది, టౌన్ ప్లానింగ్ వాళ్లు అభ్యంతరం రాశారా, రాస్తే దాన్ని పక్కన పెట్టిందెవరు అన్నది నోట్ ఫైల్లోనే తెలుస్తుంది. పని ఇప్పటికే జరిగిపోయి ఉంటే ఎం-బుక్ నకలు కూడా అడగండి. కొలతలు, బిల్లు లెక్క అందులో ఉంటాయి. అలాగని పదేళ్ల తీర్మానాలన్నీ ఒకే దరఖాస్తులో అడిగితే, సిబ్బంది సమయమంతా దానికే పోతుందన్న సాకు వాళ్ల చేతికి మనమే ఇచ్చినట్టవుతుంది. ఒక దరఖాస్తుకు ఒక్క అంశం చాలు.

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. మీ పేరు, చిరునామా, సంతకం, తేదీ ఉండాలి. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, 6(2) సెక్షన్ ప్రకారం వాళ్లు అడగకూడదు కూడా. రాయలేనివారు నోటితో చెప్పినా, దాన్ని కాగితం మీద పెట్టేందుకు అధికారి సాయం చేయాలి.

ఫీజు రూ.10. నగదుగా కట్టి రశీదు తీసుకోండి, లేదా పోస్టల్ ఆర్డరు గానీ కోర్టు ఫీజు స్టాంపు గానీ జతచేయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు, రుజువుగా కార్డు నకలు పెడితే సరిపోతుంది. నకళ్లకు ఏ4 పేజీకి రూ.2 చొప్పున తర్వాత కట్టమంటారు. నేరుగా ఇస్తే రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు సిబ్బంది తీసుకోకపోతే వాదన వద్దు, స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపేయండి.

అందిన 30 రోజుల్లోగా జవాబు రావాలి. నకళ్ల డబ్బు కట్టమని లేఖ వస్తే, అది పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడువులో లెక్కకు రాదు. ఆలస్యం చేయకుండా కట్టేయండి. గడువు దాటాక ఇస్తే మాత్రం ఉచితంగా ఇవ్వాలి. లేఅవుట్ ఫైలు హెచ్‌ఎండీఏ, వీఎంఆర్‌డీఏ లాంటి అభివృద్ధి సంస్థ దగ్గర ఉంటే, దరఖాస్తులో ఆ భాగాన్ని ఐదు రోజుల్లోగా అక్కడికి బదిలీ చేసి మీకు తెలపాల్సింది మున్సిపల్ ఆఫీసే. "అక్కడికెళ్లి అడుక్కోండి" అనడం కుదరదు.

ఫైలు లావుగా ఉందనిపిస్తే తనిఖీ కోరండి. చూసేందుకు మొదటి గంట ఉచితం. కూర్చుని పేజీలు తిప్పి, కావలసిన వాటికే నకళ్లు అడగొచ్చు. ప్లానులో "ఓపెన్ స్పేస్" అని రంగు వేసిన చోటుకీ, జేసీబీ దిగిన చోటుకీ హద్దులు సరిపోల్చడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా 2(జె) సెక్షన్‌లో ఇచ్చింది. రోడ్డు పనుల విషయంలో దీన్ని వాడుకోవాలని నా గట్టి కోరిక.

జవాబు రాకపోతే గడువు ముగిసిన నాటి నుంచి, అరకొరగా వస్తే అది అందిన నాటి నుంచి 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని మొదటి అప్పీలు అధికారికి రాయండి. ఆయన 30 రోజుల్లో, కారణాలు రాసి పెట్టుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు రూ.250 చొప్పున, రూ.25,000 వరకు కమిషన్ జరిమానా వేయగలదు. అప్పీలుకు అసలు దరఖాస్తు, ఫీజు రశీదు, పోస్టు అందిన రుజువు, వచ్చిన జవాబుల నకళ్లు జతచేయండి.